కరీంనగర్ గ్రాన్యులైట్ల మీద పని మొదలుపెట్టబోతున్న బిడ్డకు

హనుమకొండ

చిరంజీవి స్రవంతికి ఆశీస్సులు.

నీ డిజర్టేషన్‌కు కరీంనగర్, జగిత్యాల చుట్టుపక్కల గ్రాన్యులైట్లను, అంటే భూమి లోతున తీవ్రమైన వేడికి మారిన రాళ్ళను, ఎంచుకున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. హిమాలయాలకు పోయే అవకాశం రాలేదని నువ్వు కొంత నొచ్చుకున్నట్టు కూడా అన్నాడు. నొచ్చుకోవలసిన పని లేదు బిడ్డా. ఎత్తుగా నిలబడి ఉన్న పర్వతం ఎక్కువగా తన పైభాగాన్నే చూపిస్తుంది. కిలోమీటర్ల మందాన పైపొరలు కొట్టుకుపోయిన మన గుట్టల్లోనైతే ఒకప్పటి భూపటలపు అడుగుభాగమే పొలాల గట్ల పక్కన బయటపడి ఉంది. మన ఓరుగల్లు కోటలోని ఏకశిల కరిగిన ద్రవం గడ్డకట్టగా ఏర్పడిన గ్రానైటు, కానీ నువ్వు చూడబోయే రాళ్ళు చాలావరకు ఘనస్థితిలోనే మారినవి.

భూమి పైపొరలోని భారీ పలకలు ఒకదానికొకటి ఎదురొచ్చే చోట రాయికి రెండు రకాల తీవ్రస్థితులు ఎదురవుతాయి. మొదటిది లోతు. 1984లో ఆల్ప్స్‌లోని డోరా మైరాలో క్రిస్టియన్ షోపాన్, నార్వేలో డేవిడ్ స్మిత్ కోయెసైట్‌ను (చాలా లోతున, గొప్ప ఒత్తిడికి క్వార్ట్జ్ మారే రూపాన్ని) గుర్తించిన తరువాతనే, ఖండాల రాయి కూడా 90 కిలోమీటర్లకు మించిన లోతుకు దిగి తిరిగి పైకి రాగలదని అందరూ ఒప్పుకున్నారు. మన లడఖ్‌లోని త్సో మొరారిలోనూ అదే ఖనిజం దొరికింది. అక్కడ పలక త్వరగా దిగి త్వరగా తిరిగి రావడంవల్ల రాయి ఆ లోతుకు తగినంత వేడెక్కలేదు. రెండవది వేడి. తూర్పు కనుమల్లో పాడేరు వైపు రాళ్ళు అంతకంటే చాలా తక్కువ లోతులోనే 900 డిగ్రీల సెల్సియస్ దాటాయి. నీ రాళ్ళను ఈ రెండవ రకంతోనే పోల్చి చూడాలి.

ఇక్కడే తొందరపడకు. కరీంనగర్ ప్రాంతంలో సఫిరిన్ అనే నీలి ఖనిజం ఉన్నట్టు 1993లో ప్రకటించారు. సఫిరిన్ కనబడగానే 900 డిగ్రీలని రాసేసేవారున్నారు. మెగ్నీషియం, అల్యూమినియం ఎక్కువగా ఉండి సిలికా తక్కువైన రాతిలో అది అంతకంటే తక్కువ వేడికీ ఏర్పడుతుంది. సఫిరిన్ క్వార్ట్జ్‌ను నేరుగా తాకుతూ, నడుమ మరో ఖనిజపు అంచు లేకుండా ఉంటేనే ఆ మాట అను. పైగా కార్డియరైట్ అనే మరో ఖనిజం కూడా నీలంగానే కనిపించి మోసం చేస్తుంది.

చార్నోకైట్ అనే గ్రాన్యులైటు రకం రాయిని పైచూపుతో గుర్తించబోకు. ఎండావానలకు దాని పైతోలు గోధుమరంగుకు మారిపోతుంది. సుత్తెతో పగలగొడితే లోపల ఆముదం రాసినట్టు ఆకుపచ్చని జిడ్డు మెరుపు కనబడుతుంది. క్వారీలో తాజాగా కోసిన గోడ దొరికితే పూట మొత్తం అక్కడే గడుపు. జొన్నగింజంత గార్నెట్ ఖనిజం చుట్టూ సున్నంతో గీసినట్టు తెల్లని అంచు ఉంటే లెన్స్ పెట్టి చూడు. అది ప్లేజియోక్లేజ్ అనే తెల్లని ఖనిజం కావచ్చు. దానితో ఆర్థోపైరాక్సీన్ అనే ముదురు రంగు ఖనిజం కూడా కలిసి అల్లుకుని ఉంటే, వేడి తగ్గకముందే రాయి మీద బరువు తగ్గిందని, అంటే పైనున్న పర్వతం అరిగిందనో జారిందనో అనుకోవడానికి ఆధారం దొరికినట్టే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నలభై రాళ్ళు సంచుల్లో మోసుకొచ్చి, ఒక్కదాని మీదా ఉత్తర దిక్కు బాణం గీయలేదు. థిన్ సెక్షన్లను (మైక్రోస్కోప్ కింద చూసే పలుచని రాతి ముక్కలను) పొరలకు అడ్డంగా కోయించాను గానీ, ఏ ఖనిజం ఏ కదలిక కాలంలో పెరిగిందో చెప్పలేక ఆ సీజన్ అంతా వృథా అయింది. కాబట్టి రాయిని ఊడదీయకముందే వాలు, దిశ కొలిచి దాని మీదనే మార్కర్‌తో రాసిపెట్టు.

ఉష్ణోగ్రత లెక్కల్లో ఒక చిక్కుంది: గార్నెట్, పైరాక్సీన్‌ల మధ్య ఇనుము, మెగ్నీషియంల మార్పిడి రాయి చల్లారుతున్నప్పుడూ సాగుతుంది గనుక నీకు వచ్చే అంకె రాయి చూసిన అసలు గరిష్ఠ వేడి కంటే తక్కువగా ఉంటుంది. ఆర్థోపైరాక్సీన్‌లోని అల్యూమినియం అంత సులువుగా కదలదు, దాన్ని కూడా కొలిపించు. వయసు కట్టడానికి పనికొచ్చే మోనజైట్ ఖనిజపు రేణువుల కోసం రాయినంతా పొడి చేయించకు. గార్నెట్ లోపల చిక్కుకున్న రేణువు, బయట ఉన్న రేణువు వేర్వేరు కాలాలవి కావచ్చు, పొడిలో ఆ తేడా పోతుంది.

ప్రతి నమూనాలో సగం దాచి ఉంచు. దసరాకు వచ్చేటప్పుడు గార్నెట్ ఉన్న సెక్షన్లు రెండు మూడు తీసుకురా, నా పాత మైక్రోస్కోప్ ఇంకా పనిచేస్తోంది.

నీ పెద్దబాపు