మ్యాగ్నెటో గేరు గురించి శీనుకి

ఒరేయ్ శీనూ, నువ్వు పంపిన నీ పాత బండి ఇంజన్ చప్పుడు వీడియో చూశా. ఆ చప్పుడు విని మ్యాగ్నెటో (అయస్కాంతంతో స్పార్క్ పుట్టించేది) పోయిందని ఫిక్స్ అయిపోకు, అది దాన్ని తిప్పే గేరు పళ్ళ గోల. మ్యాగ్నెటో షాఫ్ట్ చేత్తో తిప్పి చూడు, ఒకచోట అయస్కాంతం గట్టిగా పట్టేస్తుంది, దాటగానే టక్కున ముందుకి ఎగురుతుంది, ఒక చుట్టుకి రెండుసార్లు. నాలుగు సిలిండర్ల బండిలో అది క్రాంకు (ఇంజన్ మెయిన్ షాఫ్ట్) స్పీడుకే తిరుగుతుంది కదా, స్లోలో ఉన్నప్పుడు పళ్ళు అటోసారి ఇటోసారి కొట్టుకుంటాయి, ఇనుముకి ఇనుమైతే ఇక పళ్ళెంలో గోళీలేసి ఊపినట్టే.

అందుకే అప్పట్లో గేర్ల జతలో ఒకటి మెత్తది పెట్టేవాళ్ళు. మొదట పచ్చితోలు పొరల్ని ఇత్తడి ప్లేట్ల మధ్య బిగించి పళ్ళు కోసేవాళ్ళు, చప్పుడుండదు గానీ తడి తగిలితే ఉబ్బుతుంది, వేడికి ముడుచుకుంటుంది. 1909లో బేక్‌లాండ్ అనే కెమిస్టు బేకలైట్ (వేడికి గట్టిపడే ప్లాస్టిక్ రెసిన్) సంగతి బయటపెట్టాక గుడ్డని ఆ రెసిన్‌లో తడిపి పొరలుగా ప్రెస్ చేసి గేర్లు చేశారు, 1928 ఫోర్డ్ మోడల్ ఏ కారులో వాల్వుల్ని నడిపే క్యామ్ గేరు ఆ జాతిదే. మనం షాపులో హైలం అంటామే, అదే సరుకు, ఆ పేరు కూడా మన హైదరాబాద్ కంపెనీదే.

షాపులో గుడ్డ హైలం అని గట్టిగా అడుగు, పేపర్ హైలం అంటగడతారు, దాని పళ్ళు పెళుసు. రాడ్ వద్దు, మందం షీట్ నుంచే కోయించు, రాడ్‌లో పొరలు చుట్టలా ఉంటాయి కాబట్టి పళ్ళు ఉల్లిపొరల్లా లేచిపోతాయి. నైలాన్ చవకే గానీ తేమకి ఉబ్బి వేడికి మెత్తబడుతుంది, స్పార్క్ టైమింగ్ దగ్గర నేనైతే పెట్టను. మధ్యలో స్టీల్ బాస్ (షాఫ్ట్ దూరే గుండ్రటి ముక్క) వేసి బోల్టులు కొట్టించు, కీవే (షాఫ్ట్ కీ కూర్చునే గాడి) డైరెక్టుగా హైలంలో కోస్తే ఆర్నెల్లకి లూజే. కోసేటప్పుడు వెనక చెక్కముక్క ఆనించమను, లేకపోతే కట్టర్ బయటికొచ్చే వైపు పోగులు లేస్తాయి.

రెండూ హైలం పెట్టకు, ఒకటి స్టీలే ఉండాలి, దాని పళ్ళు నున్నగా ఉండాలి. ఇక్కడే నేను ఒకసారి బద్ధకించా. ఫ్రెండు బండికి కొత్త హైలం గేరేసి, జతది అరిగిన స్టీల్‌దే ఉంచేశా, అంచున గోటికి తగిలే బర్ర్ (లేచిన ఇనుప మొన) ఉంది, ఆ ఏముందిలే అనుకున్నా, శామీర్‌పేట దాటాక ఇంజన్ ఠక్కున ఆగింది, కవర్ తీస్తే లోపలంతా గోధుమరంగు పొట్టు, పళ్ళు ఒక పక్క నున్నగా గుండు.

ఇంకోటి, పాత ఇంగ్లీషు, అమెరికా బళ్ళకి పళ్ళు డీపీ లెక్కలో (అంగుళం వ్యాసానికి ఎన్ని పళ్ళని) ఉంటాయి, మన లేత్ షాపుల్లో కట్టర్లు మాడ్యూల్‌వి, అంటే మిల్లీమీటర్ల లెక్కవి. 16 డీపీ అంటే 1.5875 మాడ్యూల్, వాడు 1.5తో కోసి సరిపోద్ది సార్ అంటాడు, ఒప్పుకోకు, ముందుకన్నా ఎక్కువ అరుస్తుంది. స్ట్రెయిట్ పళ్ళయితే పళ్ళ లెక్కకి 2 కలిపి బయటి వ్యాసం అంగుళాలతో భాగించు, డీపీ వచ్చేస్తుంది. పాత గేరు మాత్రం పారేయకు, టైమింగ్ మార్కు దాని మీదే ఉంది, లెక్క తేలకపోతే గుడ్డలో చుట్టి నాకు బస్సు పార్సిల్ వేసెయ్.

మీ బాబాయ్