గాలి ఆడటమా, వాయుప్రసరణమా?

సందేహం: కావలిలో కంప్యూటర్లు కూర్చి అమ్మే అంగడి నాది. కొన్నవారికి ఇచ్చే కాగితంలో ‘క్యాబినెట్ లోపల గాలి ఆడకపోతే ప్రాసెసర్ కాగిపోతుంది’ అని రాశాను. అచ్చువేసే ఆయన అది పల్లెటూరి మాట అని కొట్టేసి, ‘వాయుప్రసరణ లోపించినచో ఉష్ణోగ్రత వేడెక్కును’ అని దిద్దారు. ఏది ఒప్పు? ‘ఫ్యాన్ గాలి తోలుతుంది’ అని మావైపు అంటాం, అలా రాయవచ్చునా? క్యాబినెట్‌లో ‘ఉక్కపోత’ అనవచ్చునా?

సమాధానం: ముందుగా ఆ దిద్దుబాటు సంగతి. ఉష్ణోగ్రత అంటే ఉష్ణం యొక్క ఉగ్రత, అంటే వేడి ఎంత ఉన్నదో చెప్పే కొలత. కొలత పెరుగుతుంది, తగ్గుతుంది. అది వేడెక్కదు, చల్లబడదు. వేడెక్కేది వస్తువు. ఈ తప్పు నేడు పత్రికలలోనూ వార్తలలోనూ విచ్చలవిడిగా కనిపిస్తున్నది. మీ వాక్యంలో ‘ప్రాసెసర్ కాగిపోతుంది’ అని వస్తువునే కర్తగా నిలిపారు. దిద్దినవారు దిద్దకుండా వదిలేసి ఉంటే బాగుండేది.

ఇక ‘ఆడు’ ధాతువు. మీ ప్రశ్నలో నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైన మాట ఇదే గనుక కొంచెం విస్తరించి చెబుతాను. ఇది చాలా ద్రావిడ భాషలకు పాత సొత్తు. కన్నడంలో ఆడు, తమిళంలోనూ ఆడు. తమిళంలో కదలటం, ఊగటం దీని మొదటి అర్థాలలోనివి. గాలిపటాన్ని తమిళులు ‘కాట్రాడి’ అంటారు. కాట్రు అంటే గాలి, అందులో ఆడేది కాట్రాడి. తెలుగులో ఈ ధాతువు చొరని చోటు లేదు. ఊయల ఆడుతుంది, గానుగ ఆడుతుంది, సినిమా వంద రోజులు ఆడుతుంది. దిక్కుతోచనివాడికి కాలూ చేయీ ఆడవు. మాటాడు, పోట్లాడు, వేటాడు, పెళ్లాడు అంటూ నామాల పక్కన చేరి కొత్త క్రియలను పుట్టిస్తుంది. ఇన్ని ప్రయోగాలలోనూ నాకు కనిపించే సామాన్య లక్షణం ఒకటే: ఆటంకం లేని కదలిక, అందులోనూ పోయి వచ్చే కదలిక. ఊపిరి ఆడటంలో ఇది మరీ స్పష్టం. పీల్చటం ఒక్కటే ఊపిరాడటం కాదు, విడవటం ఒక్కటే కాదు. రెండూ సాగితేనే ఆడినట్టు. (స్త్రీవాచకమైన ‘ఆఁడు’ అరసున్న ఉన్న వేరే మాట. ‘ఆడటం’, ‘ఆడడం’ రెండూ సాధువులే.)

‘ప్రసరణ’, ‘ప్రవాహం’ అనే సంస్కృత పదాలను చూడండి. రెండింటి ముందూ ‘ప్ర’ అనే ఉపసర్గ ఉన్నది. అది ముందుకు సాగటాన్ని చెబుతుంది. రక్తప్రసరణలో తిరిగి రావటం కూడా ఇమిడి ఉన్నదనే ఆక్షేపణను నేను ఒప్పుకుంటాను, కనుక ప్రసరణను తప్పు అనను. కాని పదిహేను పర్వాల భారతాన్ని తెనిగించిన తిక్కన సోమయాజి నడయాడిన నెల్లూరిసీమలో, రెండక్షరాల తెలుగు క్రియ అచ్చుకు తగదనటం నాకు బాధ కలిగిస్తున్నది.

ఈ భేదం మీ పనిలో ఎంత పనికివస్తుందో చూడండి. సాధారణంగా క్యాబినెట్ ముందువైపు ఫ్యాన్లు బయటి గాలిని లోపలికి తెస్తాయి. వెనుకవైపు, పైవైపు ఉన్నవి కాగిన గాలిని బయటికి పంపుతాయి. ఒక ఇంట్లో అందం కోసం ఆరు ఫ్యాన్లు అమర్చి, ఆరింటినీ లోపలివైపుకే తిప్పిన పెట్టెను చూశాను. గాలి తోలటానికి అందులో కొదవ లేదు, కాని ఆడటం లేదు. తెరమీది బొమ్మలను తీర్చే గ్రాఫిక్ కార్డు వదిలిన వేడిగాలికి సరైన దారి లేక, సందుల గుండా మెల్లగా కారిపోవలసి వచ్చింది. మామూలు ఫ్యానుకు మోటారును పట్టి ఉంచే అడ్డపట్టీలు ఏవైపు ఉంటే గాలి ఆవైపుకు పోతుందని మీకు చెప్పనక్కరలేదు. కొన్నవారి కాగితంలో మాత్రం ఆ ఒక్క ముక్క చేర్చండి.

‘తోలు’ మంచి క్రియ. బండి తోలుతాం, పశువులను తోలుతాం, పునాదిలోకి మట్టి తోలిస్తాం. ఒకదానిని ఉన్నచోటునుంచి మరొకచోటికి నడపటం దీని భావం. ఫ్యాన్ చేసే పని అచ్చంగా అదే. ‘గాలి బాగా తోలతా ఉంది’ అని మన నెల్లూరు వైపు ఎవరైనా అంటారు. అందువల్ల ఫ్యానుకు తోలటం, పెట్టెకు ఆడటం అని నేను పని పంచుతాను. ఇంకొక విశేషం: ఫ్యాన్ చేత గాలిని తోలించవచ్చును గాని, ‘గాలిని ఆడించు’ అని ఎవరూ అనరు, ‘గాలి ఆడనివ్వు’ అంటారు. తీగలను కట్టి పక్కకు నెట్టటం, పెట్టెను గోడకు ఆనించకుండా జరపటం, ముందు జాలీలో పట్టిన దుమ్మును దులపటం, ఇవన్నీ ఆడనివ్వటాలే. లోపలికి వచ్చే గాలి బయటికి పోయేదానికన్నా కాస్త ఎక్కువగా ఉంటే, జాలీ లేని సందులనుంచి దుమ్ము లోపలికి దూరటం తగ్గుతుంది; ఇదీ ఆ లెక్కలోకే వస్తుంది. అయితే ఇతర ప్రాంతాల పాఠకులకు ‘గాలి తోలటం’ వింతగా తోచవచ్చును. కాగితం మన ప్రాంతం దాటిపోయేదైతే ‘వీస్తుంది’ అనటమే మేలేమో. అది మీ ఇష్టానికి వదులుతున్నాను.

‘ఉక్కపోత’ విషయంలో నాకు సంకోచం ఉన్నది. గాలి స్తంభించి, తేమ నిండి, చెమట ఆరకుండా ఉండే బాధ ఉక్క. మనకు ఫ్యాన్ గాలి చల్లగా తోచటానికి చెమట ఆరటమే ముఖ్యకారణం. యంత్రానికి చెమట లేదు. ఎన్ని ఫ్యాన్లు తోలినా ప్రాసెసర్ గదిలోని గాలికన్నా చల్లబడదు. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో గది కాగితే పెట్టె అంతకన్నా కాగుతుంది. 95, 100 డిగ్రీల దరికి వచ్చేసరికి నేటి ప్రాసెసర్లు చాలావరకు తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. అది వేడి, ఉక్క కాదు. అయినా గాలి ఆడని చోటు అనే పోలిక అందులో ఉన్నది గనుక, అంగడిలో కూర్చుని కొన్నవారితో ‘లోపల ఉక్కగా ఉంది’ అంటే నేను తప్పుపట్టను. అచ్చు కాగితంలో మాత్రం ‘వేడి’ అనే రాయండి, మీ మొదటి వాక్యాన్ని యథాతథంగా తిరిగి పెట్టించండి.