మీ అత్తమ్మ మోకాళ్లను బట్టి వియన్నా ప్లాన్ వెయ్యి

శ్రావణికి,

జూన్‌లో అత్తమ్మ, మామయ్య, మీ అమ్మ, పిల్లలతో కలిసి యూరప్ పోతున్నారని తెలిసి చాలా సంతోషం వేసింది. ట్రావెల్స్ వాళ్లిచ్చిన కాగితం మీ అమ్మ వాట్సాప్‌లో పంపింది. పది రోజుల్లో వియన్నా, ప్రాగ్, బుడాపెస్ట్, వెనిస్! చదువుతుంటేనే నాకు కాళ్లు లాగాయి. డెబ్భై దాటినవాళ్లను, నాలుగేళ్ల పిల్లను వెంటేసుకుని రెండు రోజులకోసారి పెట్టెలు సర్దుతూ తిరిగితే మీకు మిగిలేది రైల్వే స్టేషన్లే. నా మాట విని ఒక్క వియన్నాలోనే ఎనిమిది రోజులు ఉండండి. మా అబ్బాయి వాళ్లతో పోయి తిరిగి చూసిన ఊరు కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను.

ముందు ఇల్లు కుదుర్చుకో. హోటల్ వద్దు, వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ చూడు, మెట్రో స్టేషన్‌కు దగ్గరగా. అక్కడి పాత బిల్డింగుల్లో ఒక తిరకాసు ఉంది. నేల అంతస్తు అయ్యాక హోఖ్‌పార్టేర్ అని ఒకటి, మెజానిన్ అని ఇంకొకటి ఉంటాయి. ఆ పైన వచ్చేదాన్ని మొదటి అంతస్తు అంటారు. ‘ఫస్ట్ ఫ్లోరే కదా’ అని బుక్ చేస్తే మీ అత్తమ్మ మూడంతస్తులు ఎక్కాల్సి రావచ్చు. లిఫ్ట్ ఉందా, వీధి తలుపు నుంచి లిఫ్ట్ దాకా ఎన్ని మెట్లున్నాయి అని డబ్బు కట్టకముందే మెసేజ్ పెట్టి అడుగు. టాయిలెట్లో కడుక్కునే నీళ్ల పైపు ఉండదు కాబట్టి ఒక ప్లాస్టిక్ మగ్గు పెట్టెలో వేసుకో. ఇది నవ్వే విషయం కాదు, మొదటి రోజే పెద్దవాళ్ల మూడ్ పాడయ్యేది ఇక్కడే.

జూన్‌లో వాళ్ల గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనక. మీ మామయ్య ఇక్కడ తెల్లవారి అయిదుకు లేస్తారు, అంటే అక్కడ రాత్రి ఒంటిగంటన్నర. మొదటి రెండు మూడు రోజులు ఆయన అప్పుడే లేచి కూర్చుంటారు. కాఫీ పొడి, ఫిల్టర్ చేతికందే చోట పెట్టు, ఆయన పాటికి ఆయన కాఫీ కలుపుకుంటారు. సాయంత్రం ఆరుకల్లా అందరికీ కళ్లు మూతలు పడతాయి. ఎండ మాత్రం తొమ్మిది దాకా ఉంటుంది, పిల్లలు పడుకోమని మారాం చేస్తారు. అందుకని మొదట్లో ఏ కార్యక్రమమైనా పొద్దున్నే పెట్టుకో. రాత్రి కచేరీ టికెట్లు చివరి రోజులకు కొను.

ఇక తిరగడం. రోజుకు ఒక్కటే పెద్ద చోటు, మధ్యాహ్నం ఇంటికొచ్చి నడుం వాల్చడం. అందరూ అన్నీ కలిసే చూడాలనే పట్టు వదిలెయ్యి. షోన్‌బ్రున్ ప్యాలెస్ సంగతే చూడు. 1,441 గదుల కోట అది, జనానికి చూపించేది నలభై గదులే. అవీ నిలబడే చూడాలి. ఆరేళ్ల మొజార్ట్ 1762లో మహారాణి మరియా థెరీసా ముందు వాయించింది అక్కడే. పెద్దోడు కీబోర్డు నేర్చుకుంటున్నాడుగా, వాడికి ఇది ముందే చెప్పి తీసుకెళ్లు. టికెట్ మీద లోపలికి పోయే టైం ఉంటుంది, ఆన్‌లైన్‌లోనే తీసుకో. కోట తోటలోనే 1752 నాటి జంతు ప్రదర్శనశాల ఉంది. ఇప్పటికీ నడుస్తున్న వాటిలో ప్రపంచంలోకెల్లా పాతది అదే. పిల్లల్ని మీ ఆయన అక్కడికి తీసుకుపోతే, పెద్దవాళ్లు చెట్ల కింద బెంచీల మీద కూర్చోవచ్చు. తోటలోకి టికెట్ లేదు. గుట్ట మీది గ్లోరియెట్ మండపం దాకా నడవలేకపోతే తోటలో తిరిగే చిన్న టూరిస్టు బండి ఎక్కించు.

ఊరి నడిమధ్య స్టీఫెన్ చర్చి దగ్గర జాగ్రత్త. దక్షిణ గోపురానికి 343 మెట్లు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినవాడిని, ఇదొక లెక్కా అని మీ మామయ్య కచ్చితంగా అంటారు. అలిపిరి దారి విశాలం, ఎక్కడంటే అక్కడ కూలబడొచ్చు. ఇది ఇరుకు మెలికల మెట్లు, వెనక జనం తోసుకొస్తుంటారు. ఉత్తర గోపురానికి లిఫ్ట్ ఉంది, ‘పెద్ద గంట అక్కడే ఉంది’ అని చెప్పి అటు తిప్పు. నిజంగానే అక్కడే ఉంది. ప్రాటర్ అనే పార్కులో 1897 నాటి జెయింట్ వీల్ మాత్రం అందరూ కలిసి ఎక్కండి. మన తిరునాళ్ల రంగులరాట్నంలా కాళ్లు వేలాడేసుకునేది కాదు, గది లాంటి పెట్టె, మెల్లగా తిరుగుతుంది.

మధ్యాహ్నం ఎక్కడైనా కాఫీహౌస్‌లో కూర్చోబెట్టు. నాకు ఆ ఊళ్లో అన్నిటికంటే నచ్చింది అదే. చిన్న వెండి రంగు పళ్లెంలో కాఫీ కప్పు, పక్కన గ్లాసుడు మంచినీళ్లు, గ్లాసు మీద అడ్డంగా చెంచా బోర్లించి తెస్తారు. ఒక్క కప్పు తెప్పించుకుని గంటసేపు కూర్చున్నా ఎవరూ లెమ్మనరు. మెలాంజ్ అని అడిగితే పాలు కలిపిన కాఫీ వస్తుంది, మీ అత్తమ్మకు అదే సరిపోతుంది. ధర చూసి ఆవిడ దాని పక్కన రెండు సున్నాలు పెట్టి రూపాయల్లో లెక్కేసుకోకుండా మెనూ కార్డు నీ దగ్గరే ఉంచుకో! నీళ్ల బాటిళ్లు కొనకు. ఆల్ప్స్ కొండల ఊటనీళ్లు 1873 నుంచి పైపుల్లో ఆ ఊరికి వస్తున్నాయి, కుళాయి తిప్పి తాగడమే.

తిండి పొద్దునా రాత్రీ ఇంట్లోనే. బయట శాకాహారం అన్నా గుడ్డు ఉంటుంది, సూప్ చాలాచోట్ల గొడ్డుమాంసం రసంతో చేస్తారు, నోరు తెరిచి అడగాలి. ఆదివారం షాపులు మూసేస్తారు, పెద్ద రైల్వే స్టేషన్లలో ఒకటో రెండో తెరిచి ఉంటాయి. పాలు, పెరుగు శనివారమే తెచ్చి పెట్టుకో. ఇక్కడి నుంచి ఊరగాయ, పొడులు, అటుకులు తీసుకెళ్లు. నెయ్యి, పెరుగు, పన్నీరు వద్దు, బయటి దేశాల పాల సరుకు యూరప్‌లోకి రానివ్వరు. మీరు పోయేది మామిడికాయల కాలం, మీ నాన్న బేనీషాలు ఒక పెట్టె కట్టిస్తానంటాడు. సర్టిఫికెట్ లేకుండా అవీ, పచ్చి కరివేపాకూ పనికిరావు, అక్కడే చెత్తలో పోస్తారు. నా మాటగా చెప్పు, వింటాడు.

చెన్నై ఎయిర్‌పోర్టులో పెద్దవాళ్లిద్దరికీ వీల్‌చెయిర్ కావాలని టికెట్ తీసుకునేటప్పుడే రాయించు, డబ్బేమీ అడగరు. ‘నాకేమైంది, కుంటిదాన్నా’ అని మీ అత్తమ్మ కోప్పడతారు. లైన్లో నిలబడే పని తప్పుతుందని చెప్పు, ఒప్పుకుంటారు. మందులు మొత్తం రోజులకు సరిపడా, ఇంకో వారానికి అదనంగా, చేతి సంచిలోనే ఉండాలి. డాక్టరు చీటీలో కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాయించు.

వీసాకు ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, వేసవిలో అపాయింట్‌మెంట్ దొరకడం కష్టం. పెద్దలకు 90 యూరోలు, పెద్దోడికి 45, చిన్నదానికి లేదు. పన్నెండు దాటినవాళ్లంతా వేలిముద్రలు ఇవ్వాలి. ఇన్సూరెన్స్ 30,000 యూరోలకు తక్కువ కాకూడదు. ముందే ఉన్న బీపీ, షుగర్‌లకు అది వర్తిస్తుందా లేదా చదివి తీసుకో, ఏజెంటు మాట మీద పోవద్దు.

మామయ్య పాస్‌పోర్టు గడువు ఎప్పటిదాకా ఉందో ఈ రాత్రే చూడు. తిరిగొచ్చే రోజు నుంచి కనీసం మూడు నెలలు మిగిలి ఉండాలి. చూసి నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ,
తిరుపతి