సాంబ మసూరికి ఎండాకు తెగులు: మార్కర్లతో వచ్చిన రకం వేసుకోవచ్చా?

ప్రశ్న: ఏటా వానాకాలంలో సాంబ మసూరి (బీపీటీ 5204) వేస్తున్నా. పొట్ట దశకొచ్చేసరికి ఆకులు కొసల నుంచి ఎండుతున్నాయి. మందులు కొట్టినా ఆగడం లేదు. ‘ఇంప్రూవ్డ్ సాంబ మసూరి’ తట్టుకుంటుందట కానీ, అది జన్యువులు మార్చిన విత్తనమని కొందరంటున్నారు. వేసుకోవచ్చా? గింజలు మళ్లీ విత్తనానికి ఉంచుకోవచ్చా?
– ఒక రైతు, వర్ధన్నపేట, వరంగల్ జిల్లా

జవాబు: నిశ్చింతగా వేసుకోండి. ఇది బీటీ పత్తి లాంటిది కాదు. వరిని వరితోనే సంకరపరిచి తీసిన రకం. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కలిసి రూపొందించగా 2008లో విడుదలైంది. తెగులును తట్టుకునే ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 అనే మూడు జన్యువులు ఇందులో ఉన్నాయి. మొదటిది అడవి వరి నుంచి వచ్చింది.

మార్కర్లు అంటే ఫలానా జన్యువు మొక్కలో ఉందని చూపే డీఎన్ఏ గుర్తులు. అవి ఎందుకంటే, ఒక్క జన్యువు గట్టిగా పనిచేసినా మొక్క పచ్చగానే కనిపిస్తుంది. మిగతా రెండూ ఉన్నాయో లేవో మడిలో నిలబడి చూస్తే తెలియదు. పైగా ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 జన్యువులు తల్లి, తండ్రి రెండువైపుల నుంచీ వస్తేనే పనిచేస్తాయి. ఒకవైపు నుంచే వస్తే మొక్కలో దాగి ఉంటాయి. అందుకే లేత మొక్క ఆకు ముక్క తీసి, డీఎన్ఏ పరీక్ష చేసి, మూడూ ఉన్నవాటినే ఎంచి, మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే సంకరపరిచారు. సన్నగింజ, అన్నం రుచి పోకుండా నిలిచింది అలాగే.

సంకరపరిచి తీసినా ఇది గుణాలు స్థిరపడిన రకం, హైబ్రిడ్ కాదు కాబట్టి విత్తనం దాచుకోవచ్చు. పూత దశలో, కోతకు ముందు కేళీలు (కలిసిపోయిన వేరే రకం మొక్కలు) ఏరేయండి. మూడు పంటల తర్వాత కొత్త విత్తనం తెచ్చుకోండి.

ముందు తెగులు అదేనా అన్నది తేల్చుకోండి. అంచుల వెంట అలల్లా పసుపుబారి ఎండిన ఆకును పచ్చటి భాగం కలిసేలా కోసి, గ్లాసెడు మంచినీళ్లలో ఆ కోసిన చివర ముంచండి. కాసేపటికి పాలలాంటి ద్రవం దిగితే ఎండాకు తెగులే. ఇది బ్యాక్టీరియా వల్ల వస్తుంది. అగ్గితెగులు మందులు దీనిమీద పనిచేయవు, ఆ డబ్బు వృథా అవుతుంటే మాకూ బాధగానే ఉంటుంది. తెగులు కనబడగానే యూరియా ఆపండి, మడిలో నీళ్లు తీసేయండి. ఆ నీరు పక్క మడిలోకి పారనివ్వకండి.

ఒక్క మాట. ఈ రకం ఆపేది ఎండాకు తెగులును మాత్రమే. సుడిదోమ, అగ్గితెగులు, ఉల్లికోడుకు జాగ్రత్తలు మామూలే. మన వైపు ఉల్లికోడు ఎక్కువ. మీ మడిలో ఉల్లికాడల్లాంటి గొట్టాలు ఏటా కనిపిస్తుంటే మాత్రం నారు పోయకముందే వరంగల్ పరిశోధన స్థానానికి రండి, దాన్ని తట్టుకునే రకాలు చెబుతాం.