‘ఇప్పుడే వస్తా’ అన్న మాట

ప్రశ్న: మా బాబుకి నాలుగున్నరేళ్లు. ఒక చాక్లెట్ ముందు పెట్టి, ‘నేనొచ్చేదాకా తినకపోతే రెండోది ఇస్తా’ అంటే రెండు నిమిషాలు కూడా ఆగడు. నిగ్రహం తక్కువనుకోవాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: అలా తేల్చేయకండి. ఆగడానికి నిగ్రహం ఒక్కటే చాలదు. మీరు తిరిగొస్తారనీ, రెండోది నిజంగా ఇస్తారనీ వాడికి నమ్మకం కుదరాలి.

అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్ బృందం చేసి 2013లో ప్రచురించిన ప్రయోగం ఈ సంగతే తేల్చింది. మూడున్నర నుంచి ఆరేళ్లలోపు పిల్లలు 28 మంది. ముందు అందరికీ వాడేసిన క్రేయాన్లు చూపించి, ‘ఆగితే మంచి రంగులు తెస్తా’ అన్నారు. సగం మందికి తెచ్చారు. మిగతా సగానికి ‘అయ్యో, లేవు’ అన్నారు. స్టిక్కర్ల విషయంలోనూ అంతే చేశారు. ఆ తర్వాతే మార్ష్‌మాలో అనే మెత్తని మిఠాయి ముందు పెట్టి, ‘తినకుండా ఆగితే రెండోది ఇస్తా’ అన్నారు. మాట నిలిచిన చోట పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. తప్పిన చోట 3 నిమిషాలే. మొత్తం 15 నిమిషాలూ ఆగినవాళ్లు మొదటి జట్టులో 14 మందికి 9 మంది, రెండో జట్టులో ఒక్కరే. చిన్న ప్రయోగమే, కానీ తేడా మాత్రం చాలా పెద్దది. రెండోది రాదనుకున్న పిల్లవాడు చేతిలో ఉన్నది తినేయడం సరైన లెక్కే కదా!

అందుకే ముందు ఇంట్లో పెద్దల మాటలు గమనించండి. ‘సూది వేయరు’ అని చెప్పి వేయించడం, ‘ఇప్పుడే వస్తా’ అని చెప్పి ఆఫీసుకి జారుకోవడం వాడు మరిచిపోడు. ఏడ్చినా సరే, ‘సాయంత్రం పాలు తాగే వేళకి వస్తా’ అని చెప్పే వెళ్లండి.

అలవాటు ఒక్క నిమిషంతో మొదలుపెట్టండి, అదీ కడుపు నిండి ఉన్నప్పుడు. రెండో ముక్క ఒకసారి చూపించి, రెండింటిమీదా గిన్నె బోర్లించండి. ఎదురుగా కనిపిస్తుంటే ఆగడం కష్టమని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త వాల్టర్ మిషెల్ ఏనాడో చూపించారు. ఈ వయసుకి గడియారం తెలియదు కాబట్టి ఫోన్‌లో అలారం పెట్టండి. మోగగానే, చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి వచ్చి ఇచ్చేయండి. వరసగా నాలుగైదు సార్లు కుదిరాకే రెండు నిమిషాలకి వెళ్లండి.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే: బాగా ఆగాడని మురిసి ‘ఇంకో రెండు నిమిషాలు’ అంటారు. అది వాడి లెక్కలో మాట తప్పడమే. ముందే తినేస్తే తిట్టొద్దు, రెండోది ఇవ్వనూ వద్దు. మర్నాడు వ్యవధి తగ్గించి చూడండి. నిజంగానే మాట తప్పాల్సి వస్తే ‘నేనెప్పుడన్నాను?’ అనకండి. ‘తెస్తానన్నాను, దుకాణం మూసేశారు, రేపు పొద్దున తెస్తా’ అని ఒప్పుకుని, పొద్దున్నే తెచ్చివ్వండి.