ఆశ్రయపురానికి చేరితే శిక్ష తప్పినట్టేనా?

ప్రశ్న: ఇశ్రాయేలీయుల ధర్మశాస్త్రంలో ఆరు ఆశ్రయపురాలు ఉండేవని చదివాను. మనిషిని చంపినవాడు అక్కడికి పారిపోతే ఇక ఎవరూ ఏమీ చేయలేరా? చనిపోయినవాడి ఇంటివాళ్లకు న్యాయం ఎలా జరుగుతుంది? - ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: చాలామందికి ఇదే అపోహ ఉందమ్మా. ఆ ఊరు చేరడంతో కేసు మూతపడేది కాదు, విచారణ మొదలయ్యేది. వచ్చినవాడు పురద్వారం దగ్గరే నిలబడి జరిగిన సంగతి పెద్దలకు చెప్పుకోవాలి. వాళ్లు లోపలికి తీసుకుని ఉండడానికి చోటిస్తారు. సమాజం ఎదుట తీర్పయ్యేదాకా ప్రతిహత్య చేసేవాడు, అంటే చనిపోయినవాడి దగ్గరి బంధువు, అతని మీద చెయ్యి వేయకూడదు. పరదేశికీ ఇదే రక్షణ.

తీర్పులో చూసేది ముఖ్యంగా ఉద్దేశాన్ని. పగ ఉందా, పొంచి ఉన్నాడా, ఇనుప ఆయుధంతో కొట్టాడా? కావాలనే చంపాడని తేలితే అతన్ని బంధువు చేతికి అప్పగించాల్సిందే. అయితే ఒక్కడి సాక్ష్యం మీద మరణశిక్ష వేయకూడదు. డబ్బు కట్టి బయటపడే దారి కూడా లేదు. డబ్బున్నవాడికీ లేనివాడికీ ఒకే తూకం అన్నమాట. నాకైతే ఈ చట్టం మొత్తంలో అన్నిటికన్నా గొప్ప మాట ఇదే.

పొరపాటున జరిగినదానికి బైబిల్లోని ద్వితీయోపదేశకాండం ఇచ్చే ఉదాహరణ చూడండి. ఇద్దరు కట్టెలకు అడవికి వెళ్లారు. ఒకడు గొడ్డలి ఎత్తి వేస్తుంటే పిడి నుంచి ఇనుము ఊడి రెండోవాడికి తగిలింది, అతను చనిపోయాడు. ఇలాంటివాడు బతుకుతాడు గానీ ఇంటికి పోలేడు. ప్రధానయాజకుడు, అంటే పెద్ద పూజారి, చనిపోయేదాకా ఆ ఊళ్లోనే ఉండాలి. పొలిమేర దాటి బంధువు కంటపడి చచ్చినా, చంపిన ఆ బంధువు మీద దోషం ఉండదు. ముందే ఇంటికి పోతానని డబ్బు ఇవ్వబోయినా తీసుకోకూడదు.

ప్రశ్న: దేశమంతటికీ ఆరు ఊళ్లు చాలాయా? దూరం నుంచి వచ్చేవాడి సంగతేమిటి? - ఒక పాఠకుడు, మెహదీపట్నం

జవాబు: యొర్దాను నదికి పడమట కెదెషు, షెకెము, హెబ్రోను, తూర్పున బేసెరు, రామోతు, గోలాను. రెండు వైపులా ఉత్తరం, నడుమ, దక్షిణం అన్నట్టు పరిచి ఉంటాయి. దారి ఎక్కువైతే కోపంతో మండిపోతున్న బంధువు మధ్యలోనే పట్టుకుంటాడు కాబట్టి, దేశాన్ని మూడు భాగాలు చేసి దారి సిద్ధపరచమంది ధర్మశాస్త్రం. అందరూ నడిచే మామూలు దారి 16 మూరలైతే ఈ దారి 32 మూరలు, అంటే సుమారు 48 అడుగులు ఉండాలని యూదుల ధర్మవ్యాఖ్యాన గ్రంథమైన తల్మూదు చెబుతుంది. దారులు చీలే చోటల్లా ‘ఆశ్రయం, ఆశ్రయం’ అని రాసి ఉండేదట.

మరో విషయం. ప్రధానయాజకుడు పోతేనే వీళ్లకు విడుదల కదా! అందుకే ఆయన తల్లి వీళ్లకు తిండీ బట్టలూ ఇచ్చేదని తల్మూదుకు మూలమైన మిష్నా చెబుతుంది, తన కొడుకు చావు కోరుతూ వీళ్లు ప్రార్థన చేయకూడదని.