పాత ఎల్‌ఎస్‌డీ చేతికి టైటుగా తగిలితే మంచిదేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అనంతపురం నుంచి చెన్నై పుదుపేట పోయి, జీపు వెనక యాక్సిల్‌కి పాత లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఎల్‌ఎస్‌డీ, అంటే ఒక చక్రం జారుతున్నా రెండోదానికీ బలం అందించే సామాను) ఒకటి చూసిపెట్టుకున్నారు. అంగడాయన "తిప్పి చూడండి సార్, ఎంత టైటుగా ఉందో" అంటున్నాడు. బిగించే ముందు దాని కండిషన్ ఎట్లా తెలుసుకోవాలి?

నాది కడప వైపు. వాన పడ్డాక నల్లరేగడిలో, ఎండాకాలం పెన్న ఇసుకలో బండి దించేవాణ్ణి, కాబట్టి ఈ సామాను మీద మనసు ఎందుకు పోతుందో నాకు చెప్పక్కర్లేదు. అయితే టైటుగా ఉందన్న ఒక్క మాట మీద డబ్బులు ఇవ్వొద్దు. మొదట అది ఏ రకమో తేల్చుకోండి. రకం తెలియకుండా తిప్పి చూసి లాభం లేదు.

ప్లేట్ల రకమైతే లోపల స్ప్రింగులు ప్లేట్లని ఎప్పుడూ నొక్కిపెట్టి ఉంచుతాయి. బండికి ఉన్నప్పుడు వెనక రెండు చక్రాలూ లేపి, న్యూట్రల్‌లో ఒకటి తిప్పితే రెండోది కూడా అదే వైపు తిరగాలి. ఎదురు వైపు తిరిగితే ఆ నొక్కుడు పోయినట్టే. మహీంద్రా థార్, బొలెరో నియో లాంటి వాటిలో కొన్ని వేరియంట్లకి వచ్చే, తనంతట తానే లాకయ్యే ఈటన్ కంపెనీ ఎంఎల్‌డీ అట్లా కాదు. అది చేతికి మామూలు డిఫరెన్షియల్ లాగే వదులుగా తిరుగుతుంది. రెండు చక్రాల వేగంలో తేడా సుమారు 100 ఆర్పీఎం దాటితేనే లోపలి గవర్నర్ బరువులు విచ్చుకుని లాక్ చేస్తాయి. దాన్ని వదులుగా ఉందని తీసిపారేస్తే మంచి సామాను పోగొట్టుకున్నట్టు. అందులో చూడాల్సింది గవర్నర్ బరువులు వేలితో తోస్తే సాఫీగా కదులుతున్నాయా, స్ప్రింగు ఉందా, కొక్కెం పట్టే అంచు విరిగిందా అన్నది. టోర్సెన్ లాంటి పళ్ళ రకాలు కూడా చాలావరకు చేతికి వదులే. విస్కస్ రకమైతే సీలు వేసిన సిలికోన్ ద్రవం మీద పనిచేస్తుంది, అది చెడితే రిపేరు లేదు. పాతది కొనకపోవడమే మేలు.

చేతికి టైటుగా తగులుతోందంటున్నారు కాబట్టి మీది ప్లేట్లదే అయ్యుండాలి. టైటుగా ఉండటానికి మంచి కారణం ఒకటుంటే (ఆ స్ప్రింగుల నొక్కుడు), చెడ్డ కారణాలు మూడున్నాయి. ఆయిల్ లేక ఏళ్ళ తరబడి మూల పడి ఉంటే ప్లేట్లు తుప్పుతో అతుక్కుంటాయి. వేడికి వంగిన ప్లేట్లు ఒక చోట పట్టేస్తాయి, ఒక చోట వదిలేస్తాయి. మూడోది నేను కళ్ళారా చూసింది. అరిగిన ప్లేట్ల వెనక ఎవరో షిమ్ములు, అంటే పల్చటి రేకు బిళ్ళలు, కుక్కి టైటు చేశారు. మా షెడ్డులో విప్పగానే మేస్త్రీ నవ్వాడు. "ఇది ప్లేట్ల బిగువు కాదున్నా, రేకు బిగువు. నాలుగు దినాలు నడిస్తే మళ్ళా జారుతాది" అన్నాడు. దాన్ని అట్లే మూటగట్టి వెనక్కి పంపించినాం.

కాబట్టి విప్పి చూపించమని అడగండి. విప్పనివ్వను అంటే వదిలేసి రండి. ప్లేట్లని వరుస మార్చకుండా తీసి, కిరసనాయిల్లో కడిగి, ఆరబెట్టి, ఒక్కొక్కటీ వెలుతురుకి వాలుగా పట్టుకుని చూడండి. బూడిద రంగులో సమానమైన మెరుపు ఉంటే బాగున్నట్టు. నెమలి మెడ లాగా నీలం మచ్చలు తేలితే బాగా వేడెక్కిందన్నమాట. గుండ్రంగా గీరుకుపోయిన చారల్లో గోరు ఆగితే ఆ ప్లేటు పనికిరాదు. అద్దం పలక మీద పెట్టి అంచు నొక్కితే టకటకమని ఊగితే వంగింది. తర్వాత మైక్రోమీటరుతో రెండు చోట్ల కొలవండి: రుద్దుకునే భాగంలో ఒకసారి, ఎప్పుడూ రుద్దుకోని చెవి దగ్గర ఒకసారి. ఆ తేడానే అరుగుదల. ఎంతవరకు పర్వాలేదో ఆ బండి సర్వీసు మాన్యువల్‌లో ఉంటుంది. ప్లేట్ల చెవులు కూర్చునే గాడులు కూడా చూడండి, మెట్లు పడి ఉంటే కొత్త ప్లేట్లు వేసినా అక్కడే తట్టుకుంటాయి. ప్లేట్లు అరిగితే కొత్త సెట్టు తెచ్చుకోవచ్చు, గాడులు పోతే హౌసింగే, అంటే బయటి డబ్బానే, పోయినట్టు. అందుకే ప్లేట్ల కన్నా గాడులే నాకు ముఖ్యం.

స్టార్ పినియన్ల (లోపలి చిన్న పళ్ళ చక్రాల) పళ్ళ మీద గుంటలు, అవి తిరిగే క్రాస్ పిన్ను మీద గీతలు, యాక్సిల్ స్ప్లైన్లు (యాక్సిల్ కొస కూర్చునే నిలువు పళ్ళు) ఉలి మొనలా పదునెక్కడం, హౌసింగ్ కిటికీల మూలల్లో పగుళ్ళు, ఇవి కంటికే కనిపిస్తాయి. బేరింగ్ కూర్చునే చోటు మాత్రం తడిమి చూడండి. బేరింగ్ లోపలి రింగు అక్కడ ఒకసారి తిరిగి అరగదీసి ఉంటే ఎంత బాగా సెట్ చేసినా నిలవదు.

అన్నీ సరిపోతే మళ్ళీ బిగించి టార్క్ చూడండి. పాత యాక్సిల్ ముక్కలు రెండు కోయించుకుని, ఒకటి వైస్‌లో బిగించి, రెండోదాని కొసకి నట్టు వెల్డ్ చేయించి నెమ్మదిగా తిప్పండి. టక్కుమనే టార్క్ రెంచి దీనికి పనికిరాదు, ముల్లు ఉండే రెంచి కావాలి. కదిలేటప్పుడు ఎంతుందో, కదిలాక ఎంతుందో రెండూ తెలియాలి. పూర్తి చుట్టు తిరిగేదాకా ముల్లు దాదాపు ఒకేచోట ఉండాలి, ఆ అంకె మాన్యువల్‌తో సరిపోవాలి. జర్కులిస్తే మళ్ళీ విప్పాల్సిందే.

బిగించేటప్పుడు మీ బండి క్రౌన్, పినియన్ జతనే (ఇంజను బలాన్ని యాక్సిల్‌కి అందించే పెద్ద, చిన్న పళ్ళ చక్రాలు) వాడండి. ఆ రెండూ ఫ్యాక్టరీలో కలిపి రుద్దిన జత, విడదీసి వేరేవాటితో కలిపితే హమ్మింగ్ ఖాయం. అయితే కొన్ని యాక్సిల్స్‌లో రేషియోని (ఆ రెంటి పళ్ళ నిష్పత్తిని) బట్టి హౌసింగ్ ఎత్తు కూడా మారుతుంది, మీ క్రౌన్ దానిమీద సరిగ్గా కూర్చుంటుందో ముందే కొలిపించండి. క్రౌన్ బోల్టులు కొత్తవి వేయండి. బ్యాక్‌లాష్ (పళ్ళ మధ్య ఆట) డయల్ గేజ్‌తో, పళ్ళ ముద్ర నీలం రంగు పూసి చూడాల్సిందే. ఆయిల్ జీఎల్-5 గ్రేడు గేరాయిల్, దాంతోపాటు ఎల్‌ఎస్‌డీకి పోసే ఫ్రిక్షన్ మోడిఫయర్. అది లేకపోతే మలుపుల్లో గరగరమంటుంది, జనం సామాను చెడిందనుకుంటారు.

ఇంకొకటి, షెడ్డు కుర్రాళ్ళకి గట్టిగా చెప్పండి. ఎల్‌ఎస్‌డీ బిగించాక ఒక్క చక్రం మాత్రమే జాకీ మీద లేపి ఇంజను స్టార్ట్ చేసి గేరు వేయకూడదు. నేల మీదున్న చక్రం పట్టుకుని బండి జాకీ మీద నుంచి దూకుతుంది.

మీ యాక్సిల్‌కి ఎన్ని స్ప్లైన్లున్నాయో లెక్కపెట్టి, విప్పిన ప్లేట్ల ఫోటో, గాడుల ఫోటో దగ్గరగా తీసి ఇక్కడ పెట్టండి. అంతవరకు అంగడాయనకి అడ్వాన్సు ఇవ్వకండి.